నాన్న మడత కత్తి ఎందుకు మానేశాడంటే

మా మేనల్లుడు తన దుకాణం గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాయించినట్టుగా, మా నాన్న రాబోయే కాలాన్ని ముందే పసిగట్టి మడత కత్తి వదిలి సేఫ్టీ రేజరు పట్టుకోలేదు. తీరిగ్గా గడ్డం గీసుకోవడంలో ఏదో ప్రశాంతత ఉందని ఆయన ఎవరికీ చాటనూ లేదు. ప్రశాంతత అనే మాట ఆయన నోట నేను విన్నది ప్రార్థనలో తప్ప మరెక్కడా కాదు. ఇక మా అన్నయ్య పదిమందికీ చెప్పుకునే రెండో కథ ఒకటుంది. హీరోలంతా సొంత గడ్డాలు పెంచుకోవడం మొదలయ్యాక పెట్టుడు గడ్డాల పని తగ్గిపోయి, నాన్న గౌరవంగా ఇంటిపట్టున కూర్చున్నాడట. అదీ నిజం కాదు. నాన్న ఇంట్లో కూర్చున్న తరవాత కూడా ఈ ఊళ్ళో మునులకూ మహర్షులకూ గమ్ముతో గడ్డాలు అంటిస్తూనే వచ్చారు, అంటించింది వేరేవాళ్ళు, అంతే తేడా. ఈ రెండు కథలు చెప్పే ఇద్దరిలో ఒకడు అప్పటికి పుట్టలేదు, ఇంకొకడు విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఇంట్లో ఉన్నదాన్ని నేను. నాన్న పని పోవడంలో నా నోటి పాత్ర ఎంతో తెలిసినదాన్ని కూడా నేనే.

పోయిన నెల జూబ్లీహిల్స్‌లో మా మేనల్లుడు ఆ దుకాణం తెరిచాడు. దుకాణం అంటే వాడికి కోపం, స్టూడియో అనాలట. తోలు కుర్చీలు, ఇత్తడి గిన్నెలు, మెత్తని బ్రష్షులు, గంధం వాసన వేసే సబ్బులు. పాతికేళ్ళ కుర్రాళ్ళు ముందుగా ఫోను చేసి వచ్చి, నురగ పట్టించుకుని, ఒంటి బ్లేడు రేజరుతో గీయించుకుని, ట్రిమ్మర్లూ నాలుగు బ్లేడ్ల ప్లాస్టిక్ రేజర్లూ వదిలేసి పాత పద్ధతికి మారామని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. మా వాడు కూడా రెండేళ్ళ కిందట అలా మారినవాడే. అప్పటినుంచీ కొత్తగా మారుమనస్సు పొందినవాడిలా కనబడ్డవాళ్ళందరికీ బ్లేడు ఎంత వాలుగా పట్టుకోవాలో బోధిస్తూ తిరుగుతున్నాడు. గోడ మీద నాన్న ఫొటో, దాని కింద ఆ రాత, రాత కింద గాజుపెట్టెలో ఒక సేఫ్టీ రేజరు.

"ఇది తాతది కాదురా. తాతది పొట్టి పిడి" అన్నాను.

"అత్తా, ప్లీజ్. ఇవాళ ఓపెనింగు. గెస్టులున్నారు."

"గెస్టులుంటే రేజరు పిడి పొడుగవుతుందా?"

"అది జస్ట్ సింబాలిక్ అత్తా. వైబ్ కోసం పెట్టాం."

"మీ వైబ్ కోసం చచ్చిపోయినాయన అబద్ధం ఆడాలా?"

వాడి భార్య నవ్వుతూ వచ్చి నా చేతిలో జ్యూసు గ్లాసు పెట్టి మూల కుర్చీ చూపించింది. నన్ను ఎక్కడ కూర్చోబెట్టాలో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే ఇదంతా ఒకసారి రాసి పెట్టాలనిపించింది. వాళ్ళు చదవరు. మీరు, నా ఈడువాళ్ళు, ఎర్ర సబ్బుబిళ్ళ మీద బ్రష్షు తిప్పుకుంటూ వసారాలో అద్దం ముందు నిలబడిన తండ్రుల్ని చూసినవాళ్ళు, చదువుతారు.

మా నాన్న సినిమాల్లో మేకప్‌మేన్. తెనాలి వైపు నుంచి మద్రాసు వెళ్ళి, అక్కణ్ణుంచి పరిశ్రమ వెనకాలే హైదరాబాదు వచ్చి, ఫిల్మ్‌నగర్‌లో రెండు గదుల ఇంట్లో మమ్మల్ని పెంచాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఆయన ఒకే ఒక నటుడికి సొంత మేకప్‌మేన్‌గా ఉన్నాడు. ఆ నటుణ్ణి మా ఇంట్లో పేరు పెట్టి ఎవరూ అనేవారు కాదు, పెద్దాయన అనేవాళ్ళం, ఇప్పటికీ నాకు నోరు తిరిగేది అలాగే. తండ్రులు, తాతలు, జమీందార్లు, ఋషులు, అన్నీ ఆయన వేషాలే. పెట్టుడు గడ్డం అంటించాలంటే కింద చర్మం పసిపిల్ల బుగ్గలా నున్నగా ఉండాలి. పొద్దున ఇంట్లో గీసుకొచ్చిన గడ్డం మధ్యాహ్నానికి ముళ్ళు పోస్తుంది, ఆ ముళ్ళ మీద గమ్ము పట్టదు, పట్టినా లైట్ల వేడికి చెమటపోసి ఊడుతుంది, ఊడదీసేటప్పుడు తోలు లేస్తుంది. అందుకని వేషం వేసే ముందు కుర్చీలోనే మళ్ళీ షేవింగ్ జరగాలి, పెద్దాయనకు అది మా నాన్న చేతే జరగాలి. అది మేకప్‌మేన్ పని కాదని యూనియన్‌లో కొందరు నవ్వేవారు. నాన్న నవ్వేవాడు కాదు, మడత కత్తిని తోలుపట్టీ మీద పది సార్లు ఇటూ అటూ తీసి, సన్న మీసానికి పైగీత పెన్సిలుతో గీసినట్టు తీర్చేవాడు.

ఆయన చెయ్యి వణకడం మేము మొదట పోల్చుకోలేకపోయాం. అమ్మకి కనబడింది వేరే. చర్చిలో ప్రభు రాత్రి భోజనం ఇచ్చే ఆదివారాల్లో నాన్న లేచి ముందుకు వెళ్ళడం మానేశాడు. అందరూ వరసలో వెళ్ళి ఆ చిన్న గిన్నెల్లో ద్రాక్షారసం తీసుకుని వస్తుంటే ఆయన బెంచీ మీదే తల వంచుకుని కూర్చునేవాడు. ఒప్పుకోలేని పాపం ఏదో చేసి ఉంటాడని అమ్మ హడలిపోయి, ఉపవాసాలుండి, చివరికి పాస్టరుగారిని ఇంటికి పిలిపించింది. పాస్టరుగారు గంటసేపు ప్రార్థన చేసి, వెళ్ళేముందు నాన్న చెయ్యి పట్టుకున్నాడు, పట్టుకున్నవాడు వెంటనే వదల్లేదు. అలా తెలిసింది, చెయ్యి వణికి ద్రాక్షారసం ఒలుకుతుందనే ఆయన లేవడం లేదని. బంజారా హిల్స్‌లో ఒక డాక్టరు చూసి, ఇది తగ్గే రకం కాదు, నెమ్మదిగా పెరిగితే అదృష్టం అనుకోండి అన్నాడు. మా అమ్మ ఆ సాయంత్రం ఏడవడానికి బదులు, పాపం కాదని తెలిసినందుకు దేవుడికి స్తోత్రం చెప్పింది. ఆవిడ లెక్కలు ఆవిడవి.

నాన్న లెక్క ఒక్కటే, పని ఉండాలి. చెయ్యి వణుకుతుందని తెలిసిన మనిషి ముందు గొంతు పెట్టి ఎవరు కూర్చుంటారు. వారం తిరక్కుండా టోలిచౌకిలో ఒక ఫ్యాన్సీ షాపులో సేఫ్టీ రేజరు కొనుక్కొచ్చాడు. మడత కత్తిలో అంచు బయటకు ఉంటుంది, చెయ్యి ఒక్కసారి అదిరితే గాటే. ఇందులో బ్లేడు రెండు రేకుల మధ్య అణగి ఉంటుంది, అంచు కనీకనబడనంత మాత్రమే బయటికి వస్తుంది, నొక్కకుండా దాని బరువుకు దాన్ని వదిలేస్తే చెయ్యి వణికినా చర్మం తెగదు. నాన్న సేఫ్టీ రేజరుకు మారిన చరిత్ర మొత్తం ఇంతే. గోడ మీద మూడు పేరాలు రాయించేంత ఏమీ లేదు అందులో.

అయితే దాన్ని కొత్తగా నేర్చుకోవాలి కదా. అన్నయ్య ఉంటే వాడి బుగ్గలు దొరికేవి, వాడు అప్పటికే విశాఖపట్నం వెళ్ళిపోయాడు. మిగిలింది అమ్మా నేనూ. అందుకని నాన్న షేక్‌పేట నుంచి బూడిద గుమ్మడికాయలు తెచ్చాడు. వాటికి పైన తెల్లటి బూడిద ఉంటుంది చూడండి, కాయకు నురగ రాసి, కింద ఆకుపచ్చ తోలు తెగకుండా ఆ బూడిదను మాత్రం తీసెయ్యాలి. తోలు తెగితే సన్నగా నీరు ఊరుతుంది. కాలేజీకి వెళ్ళేముందు ఆ కాయను వెలుతురులో తిప్పి ఎన్ని గాట్లు పడ్డాయో చూసి చెప్పడం నా వంతు. మొదటి రోజు పదిహేడు. నాన్న రేజరు కడుక్కుంటున్నాడు. "మా తెలుగు మేడం గడ్డం కూడా దీనికన్నా బాగుంటుంది" అన్నాను. ఆయన నవ్వాడు, నవ్వేటప్పుడు చెయ్యి ఇంకాస్త వణికింది. నెల తిరిగేసరికి ఒక్క గాటూ లేని కాయ నా ముందు పెట్టాడు. ఆ ఏడాది మా డాబా మీద ఎండిన గుమ్మడి వడియాలు మూడిళ్ళకు పంచినా తరగలేదు, అమ్మ ఎందుకన్ని పెట్టిందని అడిగినవాళ్ళకి ఈ సంవత్సరం కాయ చవక అని చెప్పేది. అబద్ధం ఆడితే రెండు రోజులు నిద్రపోని మనిషి అది.

యూనిట్‌లో నాన్న ఏం చెప్పాడంటే, ఇది విదేశీ పద్ధతి, చర్మానికి మంచిది, గమ్ము బాగా పడుతుంది అని. అందరూ నమ్మారు. సినిమావాళ్ళు విదేశీ అంటే నమ్మనిది ఏముంది. అలా రెండేళ్ళు గడిచాయి. పెద్దాయన మొహాన ఒక్క గాటు పడలేదు.

ఆ రేజరుకు ఒక లోపం ఉంది. దాని తల వెడల్పు, కింద ఏం తెగుతోందో పైనుంచి కనబడదు. బుగ్గకూ గొంతుకూ ఫరవాలేదు, మీసం అంచుకు మాత్రం పనికిరాదు. మీసం చుట్టూ నాన్న చాలా నెమ్మదిగా, తల తిప్పి తిప్పి చూసుకుంటూ చేసేవాడు. ముప్పావుగంట కావాలి ఆయనకి.

అప్పుడు నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం. జూబ్లీహిల్స్‌లో ఒక అద్దె బంగళాలో షూటింగు. పెద్దాయనవి రెండు వేషాలు, సొంత సన్న మీసంతో తండ్రి, గుబురు గడ్డంతో తాత. ఆ రోజంతా తండ్రి సీనే తీయాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరికి ఏం తోచిందో, మధ్యలో ఒక తాత షాటు లాగించి మళ్ళీ తండ్రి సీనుకు వద్దామన్నారు. గడ్డం అంటించాలి, అంటే మళ్ళీ గీయాలి, దానికి నాన్నకు పావుగంట ఇచ్చారు. మీసం ఎడమ కొస బియ్యపు గింజంత ఎగిరిపోయింది. సాయంత్రం తండ్రి సీనుకు వచ్చేసరికి నాన్న ఆ చోట నాలుగు వెంట్రుకలు అంటించి పెన్సిలు రుద్దాడు. పొద్దున తీసిన ఫొటో పక్కన పెట్టుకుని చూసిన అసిస్టెంటు డైరెక్టరు పట్టేశాడు. పొద్దుటి షాటులో ఒక మీసం, సాయంత్రం షాటులో ఇంకో మీసం. షూటింగు ఆగింది. ప్రొడక్షన్ మేనేజరు అందరిలోనూ, కళ్ళద్దాలు మార్చుకోవాలేమో గురువుగారూ, రేపొక్కరోజు ఇంట్లో ఉండండి, ఎల్లుండి చూద్దాం అన్నాడట. నాన్న ఇంటికొచ్చి అమ్మకి చెప్పలేదు, నాకు చెప్పాడు.

నాకు చెప్పకుండా ఉండాల్సింది.

కాలేజీలో వక్తృత్వం పోటీల్లో కప్పులు తెచ్చుకునేదాన్ని. న్యాయం నా వైపు ఉందని తెలిస్తే నాకు అన్నం సహించదు. మర్నాడు పొద్దున్నే ఫిల్మ్‌నగర్ నుంచి ఆ బంగళాకు నడిచి వెళ్ళాను. పోర్టికోలో అందరూ టిఫిన్లు చేస్తున్నారు. పెద్దాయన కుర్చీలో పేపరు చదువుకుంటున్నారు, పక్కన వేరే మేకప్‌మేన్ సామాను సర్దుకుంటున్నాడు.

"మేనేజరుగారూ, పొద్దున మొదలెట్టిన సీను పూర్తికాకుండా మధ్యలో తాత వేషం పెట్టమన్నదెవరండీ?" అన్నాను.

"మా డైరెక్టరుగారమ్మా. అయితే ఏంటి?"

"మీసం ఉన్న మొహానికి మా నాన్న ఎప్పుడూ ఎంతసేపు తీసుకుంటాడు?"

"ముప్పావుగంట."

"నిన్న ఎంతిచ్చారు?"

ఆయన ఇడ్లీ ప్లేటు కింద పెట్టాడు. "పావుగంట. సరేనమ్మా, మావైపూ తప్పుంది. రేపట్నుంచి రమ్మని చెప్పు నాన్నగారిని. ఇంతకీ లా చదువుతున్నావా ఏంటి?"

అందరూ నవ్వారు. పేపరు వెనక పెద్దాయన కూడా నవ్వారు. నేను గెలిచాను. నమస్కారం పెట్టి గేటు దాటాల్సింది. కానీ ఆ అద్దాల మాట నా లోపల మండుతూనే ఉంది.

"అద్దాలు మార్చక్కర్లేదండీ, ఆయన కళ్ళు బాగానే ఉన్నాయి" అన్నాను. "రెండేళ్ళుగా వణికే చేత్తో పెద్దాయనకి షేవింగ్ చేస్తున్నాడు మా నాన్న. ఒక్క గాటు పడిందా? అలాంటి పనివాడు ఇంకొకడుంటే చూపించండి."

పొగడ్త అనుకునే అన్నాను. ఇప్పటికీ అది పొగడ్తే అని వాదించగలను. కానీ పోర్టికోలో చెంచాల చప్పుడు ఆగిపోయింది. పెద్దాయన పేపరు నెమ్మదిగా మడిచారు. "నాన్నగారి ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోమ్మా" అన్నారు, అంతే.

ఆ మాటలో ఏముందో నాకప్పుడు తట్టలేదు. గెలిచిన ఊపులో షేక్‌పేటలో ఉన్న స్నేహితురాలి ఇంటికి వెళ్ళి, జరిగింది అక్షరం పొల్లుపోకుండా చెప్పి, తీరిగ్గా మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. వసారాలో నాన్న మేకప్ పెట్టె ఉంది. ఎప్పుడూ యూనిట్ వ్యానులోనే ఉండే పెట్టె అది. దాని పక్కన నాన్న కూర్చుని బ్రష్షులు ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తున్నాడు. రేపట్నుంచి రమ్మన్నారు నాన్నా అన్నాను. అలాగే అన్నాడు. పెట్టె ఎవరు తెచ్చారని అడిగితే, వచ్చేసింది అన్నాడు. మర్నాడు, రోజూ ఆయన్ని తీసుకెళ్ళే యూనిట్ కారు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వారం తరవాత వేరే రెండు కంపెనీలకు నాన్నే ఫోను చేశాడు, వాళ్ళూ ఆరోగ్యం జాగ్రత్త అన్నారు. ఆ మాట అప్పటికే ఊరంతా తిరిగిందని నాకప్పుడు అర్థమైంది.

తరవాత నాన్న తొమ్మిదేళ్ళు బతికాడు. ఏం చేశాడని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. రోజూ పొద్దున గడ్డం గీసుకుని, ఎక్కడికో వెళ్ళేవాడిలా ఇస్త్రీ చొక్కా వేసుకుని వసారాలో కూర్చునేవాడు. ఆఖరి రెండేళ్ళూ సొంతంగా గీసుకోవడం చాతకాలేదు, నేనే చేసేదాన్ని, ఆ పొట్టి పిడి రేజరుతోనే. ఎంత నొక్కకూడదో, ఎటునుంచి ఎటు లాగాలో ఒక్కసారి చెప్పాడు. చేస్తున్నంతసేపూ గదువ తెచ్చి నా ఎడమ అరచేతిలో ఆనించి కదలకుండా ఉంచేవాడు, ఈ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందా అనుకునేదాన్ని. ఆ తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా, ఆ రోజు బంగళాలో నువ్వేమన్నావు అని నన్నడగలేదు. నేను చెప్పనూ లేదు. ప్రతి చిన్నదానికీ నోరేసుకుని పడే నేను, ఆ ఒక్కటీ చెప్పలేకపోయాను. నాన్న పోయాక అమ్మ ఆ రేజరును పాత ఇనుము అబ్బాయికి వేసేసింది, అందుకే గాజుపెట్టెలోది మాది కాదని అంత గట్టిగా చెప్పగలిగాను.

ఓపెనింగు రోజు నేను ఆ మూల కుర్చీలో మొహం ముడుచుకుని కూర్చుంటే, ఒక ముసలాయన కర్ర పోటేసుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. షేక్‌పేట మనిషి, పాత కాలంలో పెద్దాయన బట్టలు చూసే కాస్ట్యూమర్. ఆ పోర్టికోలో ఆయన కూడా ఉన్నాడు. గోడ మీది రాత చదివి, "మంచిగ రాసిండ్రు, గని గట్ల గాదు గద బిడ్డా" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ మాట అన్న మొదటి మనిషి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"మీకు తెలుసా, నాన్న చెయ్యి సంగతి?"

"నాకేంది, అందరికీ ఎరుకే. పెద్దాయనకు మొదటి దినం నుంచే ఎరుక. కుర్చీల కూసున్నంక గదుమ దెచ్చి మీ నాయన చేతిల ఆనిచ్చి పెడ్తుండె, చెయ్యి కదలకుండ."

"మరి తెలిసి తెలిసి ఎందుకు మాన్పించారు?"

ఆయన కర్రను కుర్చీకి ఆనించాడు. "నువ్వు అందరి ముంగట అంటివి గద బిడ్డా. ఎరుకుండి ఊకున్నన్ని దినాలు ఏం ఫికర్ లేకుండె. నువ్వు అన్నంక, రేపు జర గాటు పడితే ఎరుకుండి ఎట్ల కూసోబెట్టిండ్రని ప్రొడ్యూసర్ అడుగుతడు. గప్పుడు పెద్దాయన ఏం జేస్తడు? నీ తప్పు గాదు తియ్యి. చిన్నపిల్లవి."

ఇరవయ్యొక్క ఏళ్ళు చిన్నతనమా. అదీ ఒక వాదనే, నేను ఒప్పుకోలేదు.

"ఆ పొద్దున నాన్న అక్కడికి వచ్చాడా? తన పెట్టె కోసం?" అని అడిగాను. పెట్టె యూనిట్ వ్యానులో రావాలంటే సాయంత్రం షూటింగు ముగిసి ప్యాకప్ కావాలి. మధ్యాహ్నానికే మా వసారాలో ఉందంటే ఎవరో ముందే వెళ్ళి తెచ్చుకున్నట్టే. ఈ లెక్క నాకు తట్టడానికి ఎన్నేళ్ళు పట్టిందో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. షూటింగు జరిగేటప్పుడు సామానంతా దింపి పెట్టేది పోర్టికో పక్క గదిలో, మధ్యలో ఉన్నది ఒక కర్టెను.

"యాదికి లేదు బిడ్డా" అన్నాడాయన. "ఆ దినం నీ గొంతే యాదున్నది."

పెద్దాయన లేరు, మేనేజరు లేడు, అమ్మ లేదు. అడగడానికి మిగిలిన చివరి మనిషికి గుర్తు లేదు. ఇప్పుడు కాలం మారింది. జబ్బు వస్తే ఫోను ముందు కూర్చుని లోకానికంతా చెప్పుకుంటున్నారు, చెప్పినందుకు మెచ్చుకుంటున్నారు. వణుకు ఉన్నవాళ్ళకి కూడా ఈ రేజరు క్షేమమని మా మేనల్లుడు వచ్చినవాళ్ళకి నేర్పుతున్నాడు. ఆ కుర్చీల్లో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, గంటసేపు గడ్డం గీయించుకునే ఆ పిల్లల్లో ఒక్కడి బతుకూ ఆ గీతల మీద ఆధారపడి లేదు. బోర్డు మార్చమని నేను మళ్ళీ అడగలేదు. మార్చి ఏం రాయమంటాను?

మీలో ఆ రోజుల్లో ఆ బంగళాలో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే, నాకు ఒక్క సంగతి చెప్పండి. నేను ఆ చివరి మాట అన్నప్పుడు, పక్క గదిలో కర్టెను వెనక పెట్టె సర్దుకుంటున్నది మా నాన్నేనా?